శుక్లం ఆపరేషన్‌కు బర్గర్ దుకాణం నమూనా: ఒక పోలిక చరిత్ర

లాభం కోసం కాక ఒక ఆశయం కోసం ఏర్పడిన సంస్థల చరిత్రను పరిశీలిస్తే, వాటి నాయకులు తమ వ్యూహాన్ని, అంటే ఉన్న కొద్దిపాటి డబ్బునూ మనుషులనూ ఏ క్రమంలో ఎక్కడ వినియోగించాలన్న నిర్ణయాన్ని, తమ రంగంతో సంబంధం లేని ఏదో ఒక నిత్య వ్యవహారంతో పోల్చి చెప్పుకోవడం తరచుగా కనిపిస్తుంది. అటువంటి పోలికల్లో అధికభాగం ఉపన్యాస వేదికలు దిగి రాలేదు. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి అమెరికాలోని మెక్‌డొనాల్డ్స్ హాంబర్గర్ దుకాణాలను చూసి చెప్పిన పోలిక మాత్రం ఆపరేషన్ థియేటర్‌లో బల్లలు ఎన్ని వేయాలి, వాటి మధ్య డాక్టరు కుర్చీ ఎటు తిరగాలి అన్నంత వరకు వెళ్లింది. ఆ పోలిక నుంచి ఆయన సంస్థ దేన్ని స్వీకరించింది, దేన్ని తోసిపుచ్చింది, దేన్ని చాలాకాలం గమనించకుండా వదిలేసింది అన్నవే ఇక్కడ పరిశీలించదగిన విషయాలు.

శుక్లం అంటే కంటిపాప వెనుక ఉండే సహజ కటకం క్రమంగా మసకబారి, వెలుతురు లోపలికి పోకుండా అడ్డుపడే స్థితి. పల్లెల్లో కంటికి పొర కమ్మిందనేది దీన్నే. ఇది మందులకు లొంగేది కాదు, శస్త్రచికిత్స ఒక్కటే దారి. మసకబారిన కటకాన్ని సూదితో పక్కకు నెట్టే పద్ధతి సుశ్రుత సంహితలోనే వర్ణితమై ఉండగా, దాన్ని కొద్ది మార్పులతో చేసే సంచార వైద్యులు ఇరవయ్యో శతాబ్దం దాకా దేశంలో తిరిగేవారు. చదువుకున్న వైద్యులు ఊళ్లకు తరలివెళ్లి పెద్ద సంఖ్యలో ఆపరేషన్లు చేసే కంటి శిబిరాలకు పంజాబ్‌లోని మోగాలో డాక్టర్ మథురాదాస్ పేరు తెచ్చిపెట్టగా, స్వాతంత్ర్యానంతరం కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఆ పద్ధతిని దక్షిణాది అంతటా విస్తరింపజేశారు. తిరుపతి శిబిరంలో ఒక్కరోజులో ఆయన 800కు పైగా ఆపరేషన్లు చేసినట్టు చెప్పే రికార్డు తెలుగు ప్రాంతంలో ఈ శిబిరాలు ఎంత పెద్దఎత్తున జరిగేవో తెలియజేస్తుంది.

ఆ శిబిరాలు బడి సెలవుల్లోనో, తిరునాళ్ల తర్వాతో, ఊరి బడిలోనో సత్రంలోనో జరిగేవి. బల్లలు జతచేసి ఆపరేషన్ బల్లగా వాడేవారు. ఆపరేషన్ అయినవారిని నేల మీద వరుసగా పడుకోబెట్టి, తల కదలకుండా ఇరువైపులా ఇసుక మూటలు పెట్టేవారు. కటకాన్ని మొత్తంగా తీసివేసే ఆనాటి పద్ధతిలో, చూపు తిరిగి రావాలంటే మందపాటి సోడాబుడ్డి కళ్లద్దాలు జీవితాంతం పెట్టుకోవలసి వచ్చేది, అవి పగిలితే రోగి మళ్లీ అంధుడితో సమానమే. శిబిరం ఎత్తేశాక చీము పట్టిన కన్నును చూపించుకోవడానికి ఆ ఊళ్లో ఎవరూ ఉండేవారు కారు. శిబిరాల ఘనతను కీర్తించిన రచనలు ఈ సంగతిని సాధారణంగా దాటవేస్తాయి.

వెంకటస్వామి ఈ శిబిర సంప్రదాయంలోనే రూపుదిద్దుకున్న వైద్యుడు. 1918లో తమిళనాడులోని వడమలాపురంలో రైతు కుటుంబంలో పుట్టి, 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో పట్టా పొంది, సైనిక వైద్య విభాగంలో పనిచేస్తుండగా కీళ్లవాతం సోకి వేళ్లు శాశ్వతంగా వంకరపోవడంతో, తాను మొదట కోరుకున్న ప్రసూతి వైద్యాన్ని వదులుకొని నేత్రవైద్యం వైపు మళ్లారు. ఆ వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకొని, మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్రవైద్య విభాగాధిపతిగా ఉంటూ, తన జీవితకాలంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1976లో పదవీ విరమణ చేశాక గోవెల్ ట్రస్టు పేరిట 11 పడకల ఆసుపత్రిని మదురైలో ఒక ఇంట్లో ప్రారంభించి, తాను అనుసరించిన శ్రీ అరవిందుల పేరు దానికి పెట్టారు. బ్యాంకులు అప్పు ఇవ్వడానికి ముందుకు రానందువల్ల ఆయన, తోబుట్టువులు కలిసి ఇల్లు, నగలు తాకట్టు పెట్టారు. సోదరి డాక్టర్ నాచియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి తొలినాళ్ల నుంచీ సర్జన్లుగా పనిచేశారు.

వెంకటస్వామి ఎదుర్కొన్న చిక్కు లెక్కలతో కూడినది. చూపు కోల్పోయినవారు లక్షల్లో, నేత్రవైద్యులు వందల్లో ఉన్నప్పుడు ఒక్కొక్క సర్జన్ నైపుణ్యం ఎంత పెరిగినా ఆ అంతరం పూడదు. అమెరికా పర్యటనల్లో ఆయన మెక్‌డొనాల్డ్స్‌లో గమనించింది ఆ తిండి రుచి కాదు, ఏ ఊళ్లో ఎవరు వండినా ఒకే తీరుగా వచ్చే పద్ధతి, ఆ పద్ధతిని కొత్తవారికి నేర్పే శిక్షణ. హాంబర్గర్లను, శీతల పానీయాలను కోట్లమందికి అందజేయగలిగినప్పుడు చూపును ఎందుకు అందజేయలేమన్న ప్రశ్నను ఆయన పదే పదే వేసేవారు.

ఆ పోలిక వెనుక మరికొన్ని పోలికలున్నాయి. రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ సోదరులు 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో తమ తినుబండారాల దుకాణాన్ని కొంతకాలం మూసివేసి, వంటకాల జాబితాను తొమ్మిదికి కుదించి, టెన్నిస్ కోర్టు మీద సుద్దతో వంటగది పటం గీసి, పనివారు ఒకరికొకరు అడ్డురాకుండా ఎటు నడవాలో నటింపజేసి చూసి, ఫ్యాక్టరీ పద్ధతిని పొయ్యి దగ్గరికి తెచ్చారు. ఆ ఫ్యాక్టరీ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ 1913లో హైలాండ్ పార్క్‌లో హెన్రీ ఫోర్డ్ నెలకొల్పిన కార్ల వరుస, అంటే కారు కదులుతూ వస్తుంటే పనివాడు నిలుచున్న చోటే తన వంతు పని మాత్రం చేసే ఏర్పాటు. దానితో చట్రం బిగించే సమయం పన్నెండున్నర గంటల నుంచి దాదాపు 93 నిమిషాలకు తగ్గింది. ఆ ఆలోచన షికాగో కబేళాల్లో పశుమాంసాన్ని కొక్కేలకు వేలాడదీసి ఒక్కొక్కరు ఒక్కొక్క భాగం కోసే వరుస నుంచి వచ్చిందని ఫోర్డే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. కబేళాలో మొదలైన పద్ధతి కార్లకు, వంటకు, చివరికి కంటి ఆపరేషన్‌కు చేరడం చూస్తే, పోలిక పుట్టిన చోటు ఎంత క్రూరమైనదైనా అది చేరిన చోట ఆ క్రూరత్వం మిగిలి తీరాలన్న నియమం లేదనిపిస్తుంది.

అరవింద్ థియేటర్‌లో ఆ పద్ధతి ఇలా అమలైంది. సర్జన్‌కు రెండు ఆపరేషన్ బల్లలు పక్కపక్కనే ఉంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగానే రెండో బల్ల మీద తరువాతి రోగిని పడుకోబెట్టి, కన్ను శుభ్రం చేసి, గుడ్డ కప్పి, పనిముట్లు సర్ది సిద్ధంగా ఉంచుతారు. మొదటి కన్ను పూర్తికాగానే సర్జన్ సూక్ష్మదర్శినిని రెండో బల్ల వైపు తిప్పుకొని పని కొనసాగిస్తాడు, ఈలోగా మొదటి బల్ల ఖాళీ అయి మరొకరితో నిండుతుంది. సర్జన్ చేతికి నిర్ణయం, కోత మాత్రమే మిగిలి, తక్కినదంతా ఇతరుల చేతుల్లోకి వెళ్లడం వల్ల, ఇతర చోట్ల సర్జన్ ఏడాదికి నాలుగైదు వందల ఆపరేషన్లు చేస్తుంటే ఇక్కడ సుమారు 2000 చేయగలుగుతున్నాడు. ఆ ఇతరులు ఎవరన్నది కీలకం. వారు చుట్టుపక్కల పల్లెల నుంచి పద్దెనిమిదేళ్ల ప్రాయంలో చేరి, రెండేళ్ల శిక్షణ పొందిన యువతులు. చూపు కొలవడం, కంటి పీడనం చూడడం, మత్తుకు సిద్ధం చేయడం, ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలు చెప్పడం వారి పని. అరవింద్‌పై వెలువడిన మేనేజ్‌మెంటు రచనలు వెంకటస్వామి దార్శనికత గురించీ సర్జన్ల వేగం గురించీ రాసినంతగా ఈ యువతుల గురించి రాయకపోవడం ఆ రచనల్లో పెద్ద లోటే.

ఇదే ఫ్యాక్టరీ పోలికను అక్షరాలా అనుసరించినవారూ ఉన్నారు. మాస్కోలో స్వ్యతోస్లావ్ ఫ్యోదొరోవ్ 1980ల్లో తన సంస్థలో నిజంగానే కదిలే బల్లల వరుసను అమర్చి, రోగి ఒక సర్జన్ ముందు నుంచి మరో సర్జన్ ముందుకు జరుగుతుంటే ఒక్కొక్కరు ఒక్కొక్క దశ పూర్తిచేసే ఏర్పాటు చేశాడు. అరవింద్‌లో ఒక కన్నుకు ఆరంభం నుంచి చివరిదాకా ఒకే సర్జన్ బాధ్యుడు, విభజన అంతా ఆ పనికి ముందూ వెనుకా జరుగుతుంది. ఒకే పోలికను ఇద్దరు నాయకులు చదివిన తీరులోని ఈ తేడా, పోలికను ఎంతవరకు సాగదీయాలన్న వివేచన నాయకత్వంలో ముఖ్యమైన భాగమని చూపుతుంది.

వెంకటస్వామి తోసిపుచ్చింది ధర. దుకాణంలో సరుకు అందరికీ ఒకే వెల. అరవింద్‌లో మాత్రం తొలి 11 పడకల్లో ఆరింటిని ఉచితంగా చూసేవారికి కేటాయించారు. తరువాతి కాలంలోనూ చెల్లించేవారి రుసుముతోనే సంస్థ నడుస్తూ, సగానికి మించిన రోగులకు ఉచితంగానో నామమాత్రపు ఖర్చుతోనో చికిత్స చేసింది. చెల్లించినవారికి గది, మంచం దొరికితే ఉచిత విభాగంలో చాప దొరికేది, సర్జన్లు మాత్రం ఇరువైపులా వంతుల వారీగా పనిచేసేవారు. సోడాబుడ్డి కళ్లద్దాల అవసరాన్ని తప్పించే కృత్రిమ కటకం, అంటే తీసివేసిన కటకం స్థానంలో కంటిలోనే అమర్చే చిన్న ప్లాస్టిక్ కటకం, ఈ లెక్కకు పెద్ద పరీక్షగా నిలిచింది. దిగుమతి కటకం 100 డాలర్లకు పైగా పలికే రోజుల్లో అది ఉచిత రోగికి అందే వస్తువు కాదు. ఆ కటకాన్ని సొంతంగా తయారుచేయడానికి 1992లో ఆరోల్యాబ్‌ను స్థాపించి, ధరను సుమారు 10 డాలర్లకు, కాలక్రమేణా ఇంకా తక్కువకు దించారు.

చాలాకాలం గమనింపునకు రానిది దుకాణం వీధిలో ఉంటుందన్న సంగతి. అరవింద్ దుకాణం లోపలి పద్ధతిని తెచ్చుకుందే తప్ప, రోగులను చేరుకోవడానికి పాత శిబిరాన్నే కొనసాగించింది. శిబిరంలో ఆపరేషన్లు మాని, అక్కడ పరీక్షించినవారిని బస్సుల్లో ఆసుపత్రికి తరలించడం, దారి ఖర్చు, భోజనం భరించడం మంచి సంస్కరణలే. అయినా 1999లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, తమిళనాడు పల్లెల్లో శిబిర సేవ అవసరమైనవారిలో దానికి వచ్చినవారు 7 శాతం లోపే. తోడు వచ్చే మనిషి లేకపోవడం, కూలి పోవడం, కన్ను పోతుందన్న భయం, ఈ వయసులో ఇక చూపెందుకన్న నిరాసక్తత మిగిలినవారిని ఇళ్లలోనే ఆపేశాయి. ఏడాదిలో ఒకనాడు వచ్చి వెళ్లే శిబిరానికి రాలేని వ్యక్తికి రోజూ తెరిచి ఉండే చోటు కావాలన్న గ్రహింపుతో, ఆ తరువాతి సంవత్సరాల్లో చిన్న పట్టణాల్లో దృష్టి కేంద్రాలు వెలిశాయి. అక్కడ ఉండేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన సిబ్బంది; దూరంలోని డాక్టరు వీడియో ద్వారా రోగితో మాట్లాడతాడు. తేని ప్రాంతంలో ఈ సంధానం కోసం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు రూపొందించిన దూరశ్రేణి వైఫైని వినియోగించారు.

తెలుగునాట ఇదే సమస్యకు వేరొక ఆకృతి మార్గదర్శకమైంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికాలోని రోచెస్టర్ నుంచి తిరిగివచ్చి, సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, విరాళంతో 1987లో హైదరాబాద్‌లో ప్రారంభించిన కంటి సంస్థ, తన వ్యవస్థను పిరమిడ్‌గా చిత్రించుకుంది. శిఖరాన దాదాపు ఐదు కోట్ల జనాభాకు ఒక ఉన్నత కేంద్రం, దాని కింద 50 లక్షలకు బోధనా ఆసుపత్రి, 5 లక్షలకు శస్త్రచికిత్స చేసే గ్రామీణ కేంద్రం, 50 వేలకు దృష్టి కేంద్రం, అట్టడుగున 5 వేలమందికి దృష్టి రక్షకులు ఉంటారు. గ్రామీణ కేంద్రాల్లో మొదటిది 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో మొదలైంది. దృష్టి కేంద్రంలో ఆ ప్రాంతపు యువకుడో యువతో ఏడాది శిక్షణతో కళ్లజోడు ఇవ్వగలిగితే, దృష్టి రక్షకుల పని అంతకన్నా సాదాసీదాది: ఇల్లిల్లూ తిరిగి, చూపు మందగించినా కేంద్రానికి రాని వారెవరో గుర్తించి, వారిని ఆసుపత్రి దాకా నడిపించడం.