ఓరుగల్లు దర్శనక్రమము

ఓరుగల్లును చూడవచ్చిన యాత్రికులలో పెక్కురు రైలు దిగినది మొదలు నేరుగా కోటలోని కీర్తితోరణముల కడకు పోయి, వాని నడుమ నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, తిరుగుదారిలో వేయిస్తంభముల గుడికి ఒక నమస్కారము పెట్టి, ప్రొద్దు గ్రుంకకమునుపే ఊరు విడిచిపోవుదురు. ఈ ఊరివాడనగు నాకు వారి తొందర చూచినప్పుడెల్ల మనసు నొచ్చును. కాకతీయుల రాజధానిని పాతదానినుండి క్రొత్తదానికి, వెలుపలినుండి లోపలికి, నడచుచు చూడవలెను. ఆ క్రమము తప్పినచో కంటికి శిలలు కనబడునే గాని నగరము కనబడదు.

కావున మొదట హనుమకొండకు పోవలెను. పశ్చిమచాళుక్యులకు సామంతులై యున్న కాలమున కాకతీయులు ఇచ్చటినుండియే పాలించిరి. పద్మాక్షి గుట్ట మీది గుడి నేడు అమ్మవారిది. కాని రెండవ ప్రోలరాజు మంత్రియగు బేతన భార్య మైలమ 1117లో అచ్చట కడలాలయ బసదిని కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది, రాతిమీద చెక్కిన జైనమూర్తులును అందులకు సాక్ష్యమిచ్చుచున్నవి. సద్దుల బతుకమ్మనాడు వచ్చు భాగ్యము కలిగినచో ఆ గుట్టక్రింది గుండము కడ ఆడువారు పూలబతుకమ్మలను నీట విడుచుటయు చూడవచ్చును. జినులకు, శక్తికి, పూలకు ఒకే గుట్ట ఇన్ని శతాబ్దములు ఆశ్రయమిచ్చినది.

అచ్చటినుండి వేయిస్తంభముల గుడి దూరము గాదు. స్తంభములు నిజముగ వేయియా కాదా యని లెక్కింపబూనుట వృథాశ్రమ. 1163లో రుద్రదేవుడు ఈ త్రికూటాలయమును కట్టించి, రుద్రేశ్వరుని, వాసుదేవుని, సూర్యుని ఒకే మండపము చుట్టు ప్రతిష్ఠించినాడు. అచింతేంద్రుడను పండితుడు రచించిన సంస్కృతశాసనము ఆతని విజయములను కీర్తించుచున్నది. చాళుక్యుల సామంతత్వము తొలగి కాకతీయులు స్వతంత్రులైరని లోకమునకు చాటిన శిల ఇది. గుడిలో అడుగిడువాడు ఈ సంగతి నెఱిగియున్నచో ఆ కట్టడమునందలి ధైర్యము వానికి బోధపడును. ఉదయపుటెండ ఏటవాలుగ పడువేళ ఒక స్తంభము కడ నిలిచి చూడుడు: కఠినమైన నల్లరాతిని తరిమెన పట్టినట్లు గుండ్రముగ, కట్లు కట్లుగ తీర్చి, ముఖము కనబడునంత నునుపు పెట్టినారు. ఎదుటి నంది మేనికిని ఆ నునుపే. శిల్పులు దాని మెడలోని గంటలపేరును కూడ ఉపేక్షింపలేదు.

భద్రకాళి చెరువుగట్టు మీదుగ కోటకు సాగునప్పుడు, ఆ నీటిని చూచి ఒక నిమిషము ఆగుట మంచిది. కాకతీయుల ఐశ్వర్యమునకు మూలము చెరువు.

కోటను సమీపించుచు అందఱును దాటిపోవునది మట్టిగోడ. ముండ్లపొదలు మొలచిన ఆ దిబ్బను ప్రాకారమని గుర్తించువారు అరుదు. 1310లో మాలిక్ కాఫూర్ సేనలు ముట్టడించినప్పుడు ఢిల్లీ సైన్యమును మొదట నిలిపినది ఇదియే. ఆ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో దీని గట్టిదనమును ప్రత్యేకముగ పేర్కొన్నాడు. యంత్రములు విసరు గుండ్లకు రాయి పగులును. మెత్తని మట్టి ఆ దెబ్బను తనలో ఇముడ్చుకొనును. దానికి లోపల, అగడ్త దాటిన పిమ్మట, రాతికోట. గణపతిదేవుడు దానిని నిర్మింపగా, రుద్రమదేవి ఎత్తు పెంచి దృఢపరచినది. నలువదియైదు బురుజులు గల ఆ గోడలో పెద్ద పెద్ద రాళ్లు సున్నము లేకయే ఒకదానిపై నొకటి కుదురుకొనియున్నవి. ద్వారములు తిన్నగ లోనికి పోనీయవు. మలుపు తిరిగినగాని దారి దొరకదు, ఆ మలుపులో శత్రువు ఇరుప్రక్కల గోడలమీది వారికి చిక్కిపోవును. లోపలివైపున గోడ పొడవునను ఉన్న మెట్లెక్కి పైకి పొండు. అచ్చటినుండి కోటలో నేటికిని కాపురముండువారి ఇండ్లును, పొలములును కనబడును.

ఈ ఊరిని నాకన్న మేలుగ చూపగలవారు ఇద్దఱు కలరు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము ననుసరించి తెలుగున వెలసిన క్రీడాభిరామములో మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులు ఒక్క దినములో ఓరుగల్లు వీథులన్నియు తిరుగుదురు. పొట్టేళ్ల పోరు, కోడిపందెము, ఏకవీరాదేవి గుడి, మాచల్దేవి చిత్రశాల వారి కంటబడును. పూటకూటింట ఒక్క రూక యిచ్చి సన్నబియ్యపన్నము, పప్పు, నెయ్యి, పచ్చళ్లు, పెరుగులతో కడుపార భుజింతురు. శాసనములు రాజులను చెప్పును. ఊరిని చెప్పినది ఆ కావ్యము. దానిని చదివి వచ్చినవానికి కోటలోని ఖాళీ నేల ఖాళీగ కనబడదు.

ఇక తోరణములు. నాలుగు దిక్కుల నాలుగు నిలిచియున్నవి. వాని నడుమ నుండిన స్వయంభూదేవుని ఆలయము మాత్రము లేదు. 1323లో ఢిల్లీ సేనల నడిపిన ఉలూఘ్ ఖాన్ నగరమును జయించి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చిన కాలమున అది ధ్వంసమైనది. తోరణములమీద హంసలు, మకరములు, తామరమొగ్గలు కలవు గాని దేవతామూర్తులు లేవు. అందుచేతనే మిగిలినవని పెద్దలందురు. గుడి శిథిలములలో చెదరిపడియున్న కప్పురాళ్లను, దూలములను ఓపికతో చూడవలెను. ఆ చెక్కడపు సూక్ష్మతకు తోరణములుకూడ తీసికట్టే యని నా అభిప్రాయము. సమీపముననే వాలుగోడలతో, ఎత్తైన కమానులతో నిలిచిన ఖుష్‌మహల్ ఢిల్లీవారి వాస్తువు. దానిని చూడక విముఖులగుట తగదు. అదియు ఈ ఊరి చరిత్రయే.

మఱునాడు తీరిక యున్నచో పాలంపేటకు పొండు. గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి కడ శిల్పము రాజధానిని మించినది. గుడి చూచి మరలిపోక, ప్రక్కనున్న రామప్పచెరువు కట్టమీదను నడువుడు. ఆ నీరు నేటికిని వరిచేలకు పారుచున్నది.