ఇ.సి. టీవీ

హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, తయారుచేసిన టెలివిజన్ సెట్ల వాణిజ్య నామం. అణుశక్తి విభాగం కింద 1967 ఏప్రిల్ 11న ఏర్పడిన ఈ సంస్థకు ఎ.ఎస్. రావు వ్యవస్థాపక సారథి. దేశంలో తొలి సాలిడ్ స్టేట్ (వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లతో నడిచే) టీవీ తమదేనని సంస్థ చెప్పుకుంటుంది. 'తొలి' సంగతి ఎలా ఉన్నా, బ్రాండుకు పేరు తెచ్చింది ఆ సర్క్యూటే.

వాల్వుల సెట్టులో బొమ్మ రావడానికి కొంతసేపు ఆగాలి. వాల్వులు పాతబడేకొద్దీ బొమ్మ పాలిపోయేది, దొర్లేది. ట్రాన్సిస్టర్లతో వేడి, కరెంటు ఖర్చు, మరమ్మతు తగ్గాయి. సాలిడ్ స్టేట్ అన్నా పిక్చర్ ట్యూబ్ మాత్రం గాజు గొట్టమే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు లక్ష్యంగా 'సైట్' అనే ఉపగ్రహ విద్యా టీవీ ప్రయోగం జరిగింది. అందులో పెట్టిన సామూహిక సెట్లు ఈసీఐఎల్‌వే. కోళ్ల జాలీతో చేసిన మూడు మీటర్ల యాంటెనాతో అవి నేరుగా ఉపగ్రహ సంకేతాన్ని అందుకునేవి.

ఇక నగరంలో ప్రసారాలకొస్తే, హైదరాబాద్ దూరదర్శన్ ఆరంభాన్ని కొందరు 1974గా, కొందరు 1977గా రాస్తారు. మామూలు ప్రసారాల లెక్కన రెండోదే సరైనదనిపిస్తుంది.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాతి పోటీయే ఇ.సి.ని దెబ్బతీసిందన్న మాట వినిపిస్తుంది. అసలు మలుపు 1982లోనే ఉన్నట్టుంది. ఏషియాడ్ (ఆసియా క్రీడలు) జరిగిన ఆ ఏడాది రంగుల ప్రసారం మొదలై, దిగుమతి కిట్లను బిగించి సెట్లు అమ్మే కంపెనీలు పెరిగాయి. ట్యూబూ కిట్టూ ఒకే రకమైనప్పుడు బొమ్మలో తేడా ఏముంటుంది? సర్క్యూట్ నైపుణ్యం తెర మీద కనబడకుండా పోయింది. ఇక పేరు తెచ్చేవి పెట్టె సొగసు, రిమోట్, ప్రకటనలు. ఒనిడా టీవీ ప్రకటనల్లోని కొమ్ముల దయ్యం ఆ కాలానిదే.

బొగ్గు ప్రాంతం కథ కాస్త వేరు. గోదావరిఖని, రామగుండం హైదరాబాద్‌కు రోడ్డు మీద 200 కిలోమీటర్లకు పైనే. అంత దూరం భూతల ప్రసారం స్థిరంగా అందదు. 1980ల నడుమ తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు దేశమంతటా విస్తరించాకే సింగరేణి బొగ్గు గనుల ఉద్యోగుల క్వార్టర్ల మీద యాంటెనాలు మామూలయ్యాయనుకోవాలి. అప్పటికే రంగులొచ్చేశాయి. చవక కనుక నలుపు తెలుపు సెట్లు 1990ల్లోనూ అమ్ముడుపోయాయి గానీ, రాజధానిలో ఇ.సి.కి పేరు తెచ్చిన తొలి దశాబ్దం ఈ కాలనీలకు చేరనేలేదు.