వడ్డీ లేని ఇల్లు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న పట్టణం ఉంది. దానికి దగ్గర్లో 1969లో బో, ఎమ్మా జాన్సన్ దంపతుల కోసం ఒక ఇల్లు లేచింది. అప్పటిదాకా ఆ దంపతులూ ఐదుగురు పిల్లలూ తలదాచుకున్నది రంగు ముఖమెరగని పాత గుడిసెలో. చలిని ఆపే గోడలు కావవి, లోపలికి ఒక్క నీటి గొట్టం కూడా రాలేదు. కొత్తది సిమెంటు దిమ్మెలతో కట్టిన ఇల్లు. వంటకు సరైన గది, ఇంట్లోనే స్నానాల గది, చలికాలంలో వెచ్చదనానికి ఏర్పాటు ఉన్నాయి. ఆ ఇల్లు వాళ్ళకు ఎవరూ దానం చేయలేదు, కొనుక్కున్నారు. అయితే అమ్మినవారు దానిమీద లాభం తీసుకోలేదు, బాకీ మీద వడ్డీ వేయలేదు. ధర్మసత్రానికీ బ్యాంకు అప్పుకూ మధ్య మూడో దారి ఒకటుందని ఆ ఇల్లు చూపించింది. తర్వాత యాభై ఏళ్ళకు పైగా అనేక దేశాల్లో ఇళ్ళు కట్టేవాళ్ళూ సేవాసంస్థలూ కలిసి నడిచిన బాటకు అదొక మైలురాయి. ఆ బాట ఒక మలుపులో మన ఖమ్మం మీదుగా కూడా సాగింది.

ఆ ఇల్లు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఇంటి ధరను విడదీసి చూడాలి. అందులో ఐదు భాగాలుంటాయి: స్థలం, సామాను, పనితనం, బిల్డరు లాభం, అప్పు మీద వడ్డీ. పేదవాడి ఇంటి గురించి మాట్లాడేటప్పుడు సిమెంటు బస్తా ధర, ఇసుక లారీ ధర మాత్రమే మన నోట వస్తాయి. అసలు బరువు చివరి భాగంలో ఉంది. పది లక్షల రూపాయలు 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ గడువు మీద తీసుకుంటే నెలకు దాదాపు 9,000 రూపాయల వాయిదా పడుతుంది. గడువు తీరేసరికి కట్టిన మొత్తం 21 లక్షల 60 వేల దాకా తేలుతుంది. అదే పది లక్షలు వడ్డీ లేకుండా కడితే నెలకు 4,167 రూపాయలు చాలు. ఇల్లు అదే, ఇటుకలు అవే, మనిషి సంపాదనా అదే. ఒక లెక్కలో అతను ఇంటి యజమాని అవుతాడు, ఇంకో లెక్కలో జీవితాంతం అద్దెకుంటాడు. నిలువ నీడ లేనివారికి ఇళ్ళు కట్టించే ప్రయత్నాల్లో ఏవి నిలిచాయో, ఏవి మధ్యలో ఆగాయో తేల్చే గీటురాయి నా దృష్టిలో ఒక్కటే: ఈ ఐదు భాగాల్లో దేన్ని ఎవరు మోస్తారో ముందే పంచుకున్నారా లేదా అన్నది. జాలితో పని మొదలుపెట్టవచ్చు. దాన్ని పూర్తిచేసేది మాత్రం ఈ పంపకమే.

ఆ పంపకాన్ని మొదట కాగితం మీద పెట్టినవాడు క్లారెన్స్ జోర్డన్. వ్యవసాయం చదివి, తర్వాత బైబిలు గ్రీకు భాషలో డాక్టరేట్ పుచ్చుకున్న రైతు ఆయన. 1942లో అమెరికస్ దగ్గర కొయినోనియా అనే సమష్టి వ్యవసాయ క్షేత్రాన్ని కొందరితో కలిసి నెలకొల్పాడు. నల్లవారూ తెల్లవారూ ఒకే బల్ల దగ్గర అన్నం తినడం ఆనాటి జార్జియాలో సహించరాని నేరం. 1950లలో చుట్టుపక్కల వ్యాపారులు ఆ క్షేత్రాన్ని వెలివేశారు, దాడులు జరిగాయి. అయినా అది కూలిపోలేదు. ఏళ్ళ తరబడి దెబ్బలు తింటూ నిలబడినందుకే, ఎవరి మాటా నమ్మే అలవాటులేని పేద నల్ల కుటుంబాల నమ్మకం దానికి దక్కింది. అక్కడికి వచ్చినవాడు అలబామాకు చెందిన మిలార్డ్ ఫుల్లర్. ముప్పై ఏళ్ళు నిండకుండానే వ్యాపారంలో కోటీశ్వరుడై, 1965లో ఆస్తి వదులుకుని, భార్య లిండాతో కలిసి కొత్త జీవితం వెతుక్కుంటున్నాడు. జోర్డన్, ఫుల్లర్ కలిసి 1968లో అరెకరం చొప్పున 42 ఇళ్ళ స్థలాలు గీశారు. పిల్లలు ఆడుకోవడానికీ నలుగురూ కూర్చోవడానికీ నాలుగెకరాలు విడిగా ఉంచారు. ‘ఫండ్ ఫర్ హ్యుమానిటీ’ అనే నిధి ఏర్పాటు చేశారు. చందాలు అందులోకి వస్తాయి, ఇల్లు తీసుకున్నవాళ్ళ వాయిదాలూ అందులోకే వస్తాయి. ఆ డబ్బుతో తర్వాతి ఇంటికి పునాది పడుతుంది. తొలి ఇల్లు, అంటే జాన్సన్ దంపతుల ఇల్లు, పూర్తి కాకముందే, 1969 అక్టోబరులో, జోర్డన్ కన్నుమూశాడు.

ఫుల్లర్ దంపతులు 1973లో అప్పటి జైర్ దేశంలోని ఎంబండాకా పట్టణానికి వెళ్ళి, మూడేళ్ళపాటు ఇదే పద్ధతిలో ఇళ్ళు కట్టించారు. జార్జియాలో నడిచింది ఆఫ్రికాలోనూ నడుస్తుందని తేలాక 1976లో ‘హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ పుట్టింది. భారతదేశంలో ఆ సంస్థ తొలి అడుగు 1983లో ఖమ్మంలో వేసింది. ఆ మరుసటి సంవత్సరమే అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వచ్ఛంద కార్యకర్తలతో బస్సెక్కి న్యూయార్కు చేరి, చర్చిలో పడుకుని, పగలంతా సుత్తి పట్టాడు. అక్కడ శిథిలమైన ఒక పాత భవనం 19 కుటుంబాలకు ఇళ్ళుగా మారింది. కార్టర్ ఊరు ప్లెయిన్స్ అమెరికస్‌కు పక్కనే. ఆయన 2006లో మన లోనావాలాకూ వచ్చి ఇళ్ళ పనిలో చెయ్యివేశాడు. ప్రపంచమంతా ఆయన పేరునే గుర్తుపెట్టుకుంది. కానీ ఖమ్మం అడుగు న్యూయార్కు సుత్తి కన్నా ముందుదని మనం గుర్తుంచుకోవాలి. ఈ పద్ధతి పేరుప్రఖ్యాతుల వల్ల పెరగలేదు. పేరు రాకముందే అది చేతులు మారింది.

ఇక ఇళ్ళు కట్టే వృత్తిలో ఉన్నవాళ్ళ సంగతి. ఉత్సాహం ఉన్న వందమంది కలిసినా ఇల్లు తిన్నగా లేవదు. స్లాబ్ వేసేలోపు కరెంటు పైపులు పడాలి. ప్లాస్టరింగుకు ముందే ప్లంబరు గోడలో గాడి కొట్టుకోవాలి. ఒక్కరోజు వరస తప్పితే సెంట్రింగ్ అద్దె పెరుగుతుంది, కూలీలు ఇంకో పనికి వెళ్ళిపోతారు. ఈ వరస తెలిసినవాడు బిల్డరు. సామాను టోకు ధరకు తెప్పించగలిగేదీ, సబ్ కాంట్రాక్టర్లను ఒక్క మాటతో పిలవగలిగేదీ అతనే. అందుకే 1989లో దక్షిణ కాలిఫోర్నియా బిల్డర్ల సంఘం ‘హోమ్ ఎయిడ్’ను స్థాపించినప్పుడు పనిని రెండుగా విడదీసింది. నిరాశ్రయుల కోసం కట్టే ప్రతి భవనానికీ ఒక బిల్డరు ‘కెప్టెన్’గా ఉంటాడు. తన కాంట్రాక్టర్ల చేత పనినీ సామానునూ ఉచితంగానో తక్కువ ధరకో ఇప్పిస్తాడు. కట్టడం పూర్తయ్యాక లోపల మనుషుల బాగోగులు చూసేది సేవాసంస్థ. చెక్కు రాసిచ్చే దాత ఖర్చు భరిస్తాడు, అంతవరకే. నైపుణ్యం ఇచ్చే బిల్డరు ఆ ఖర్చునే తగ్గిస్తాడు. ఈ తేడా చిన్నది కాదు.

ఈ పద్ధతి మీద ఉన్న అభ్యంతరాలు బలమైనవే. మొదటిది, హ్యాబిటాట్ ఇల్లు తీసుకునే కుటుంబం కట్టుబడిలో కొన్ని వందల గంటలు పనిచేయాలన్న నియమం. డబ్బున్నవాడు తన ఇంటికి తట్ట మోయనక్కరలేనప్పుడు పేదవాడే ఎందుకు మోయాలి? న్యాయమైన ప్రశ్న. ఆ చాకిరీని అర్హత పరీక్షగా పెడితే అది అవమానమే. దాన్ని వాటాగా లెక్కగడితే మాత్రం అర్థం మారుతుంది. ఆ కుటుంబం దగ్గర లేనిది పెట్టుబడి, ఉన్నది శ్రమ. ఉన్నదానికి విలువ కట్టి ఖాతాలో వేయడమే ఇక్కడ జరిగేది. పైగా ఏ గోడలో ఏ పైపు పోతుందో చూసినవాళ్ళకు రేపు మరమ్మతు కోసం ఇంకొకరి గుమ్మం తొక్కే పని తగ్గుతుంది. ముసలివాళ్ళకూ రోగులకూ ఈ నియమం వర్తించకూడదు. వాళ్ళ వంతు ఇరుగుపొరుగు పూర్తిచేసే వీలుండాలి.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. నెలనెలా వాయిదా కట్టగలిగినవాడు పేదవాడే కావచ్చు, కానీ ఫ్లైఓవరు కింద పడుకునేవాడి సంగతేమిటి? 2011 జనగణనలో మన దేశంలో ఇల్లే లేనివారు 17 లక్షల 70 వేల పైచిలుకు. రాబడి లేనివాడికి వడ్డీ లేని అప్పు కూడా అందని పండే. ఇది కాదనలేని పరిమితి. దీనికి జవాబు హోమ్ ఎయిడ్ తరహా పంపకంలో దొరుకుతుంది. అక్కడ నివాసికి అప్పు ఉండదు. కట్టే ఖర్చు బిల్డర్లూ దాతలూ మోస్తారు, నడిపే ఖర్చు సేవాసంస్థ చూసుకుంటుంది. అంటే ఐదు భాగాల్లో ఒక్కటి కూడా నివాసి నెత్తిన పడకూడని దశ ఒకటుంది, శ్రమా వాయిదా తన వాటాగా ఇచ్చే దశ ఇంకొకటుంది. మనిషి మొదటి మెట్టు మీద నిలదొక్కుకున్నాక రెండో మెట్టుకు దారి ఉండాలి. ఒకే కొలతతో అందరికీ ఇల్లు కట్టబోతే అందరికన్నా బలహీనుడు బయటే మిగిలిపోతాడు.

మూడోది, ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కాదా, స్థలాల ధరలు ఆకాశానికి చేరడానికి కారకులైనవాళ్ళే నాలుగు ఇళ్ళు కట్టి పేరు కొట్టేయడం కాదా అన్నది. ప్రభుత్వ బాధ్యత ఏ దాతృత్వంతోనూ తీరదు. స్థలం, పట్టా, రోడ్డు, నీళ్ళు ఇవ్వగలిగేది ప్రభుత్వమే. కానీ ప్రభుత్వం డబ్బిచ్చాక కూడా ఖాళీ ఒకటి మిగులుతోంది. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన 2016లో మైదాన ప్రాంతాల్లో ఇంటికి లక్షా 20 వేలుగా సాయం నిర్ణయించింది. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం ఐదు లక్షలు ఇస్తుంది. డబ్బు వచ్చేది పని సాగినకొద్దీ, దశలవారీగా. అంటే పునాది తవ్వడానికి, ఇటుక దించడానికి, మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వడానికి పేదవాడు ముందు తన చేతి డబ్బు పెట్టాలి. లేకపోతే వడ్డీకి తేవాలి. ప్రభుత్వం తగ్గించిన భారం అలా దొడ్డిదారిన మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. సరిగ్గా అక్కడే బిల్డరు సామాను అరువిచ్చి, సేవాసంస్థ పూచీ ఉంటే ఆ వడ్డీ తప్పుతుంది. పేరు కోసం చేస్తారన్న అనుమానానికి మందు లెక్కలు బయటపెట్టడం. ఎవరు ఏమిచ్చారో, ఇల్లు ఎంతకు తేలిందో పని జరిగేచోటే బోర్డు మీద రాసి పెడితే ఆడంబరానికి చోటుండదు.

హైదరాబాదులోనూ విజయవాడ, విశాఖల్లోనూ ఇళ్ళు కట్టే నైపుణ్యానికి కొదవ లేదు. పేదల వాడల్లో ఏళ్ళ తరబడి తిరిగి నమ్మకం సంపాదించిన సేవాసంస్థలూ ఉన్నాయి. లేనిదల్లా రెంటినీ కలిపే ఒప్పందం. బిల్డర్ల సంఘాలు ఏటా కొన్ని ఇళ్ళకు చెక్కుకు బదులు ఒక సైట్ ఇంజనీరునూ, మేస్త్రీ బృందాన్నీ, టోకు ధరకు సామానునూ ఇస్తే, ఆ ఇళ్ళ వాయిదాలు తిరిగి అదే నిధిలో పడితే, మొదటి ఇల్లే పదో ఇంటికి పెట్టుబడి అవుతుంది. కొయినోనియాలో కట్టిన ఒక్కో వాయిదా ముక్కూముఖం తెలియని మరో కుటుంబం పునాదిలోకి వెళ్ళింది. సాయం పొందినవాడు సాయం చేసేవాడయ్యే దారి అందులో ఉంది. పేదవాడికి మనం ఇవ్వగల గౌరవం కూడా అదే.