మూడు నిమిషాల మంట

1971 డిసెంబర్ 12. గుజరాత్ తీరంలో జామ్‌నగర్ వైమానిక స్థావరం. పాకిస్తాన్ ఎఫ్-104 స్టార్‌ఫైటర్లు వస్తున్నాయని కబురు. ఎఫ్-104 అంటే ఆ రోజుల్లో వేగానికి మారుపేరు. 47వ స్క్వాడ్రన్ మిగ్-21 ఎఫ్ఎల్‌లో ఫ్లైట్ లెఫ్టినెంట్ బి.బి. సోనీ కూర్చుని ఉన్నాడు. ఆఫ్టర్‌బర్నర్ అందుకుంది. సీటు వీపును బలంగా నెట్టింది. రన్‌వే కాళ్ల కింద నుంచి జారిపోయింది. ఎదర ఉన్న స్టార్‌ఫైటర్ సముద్రం వైపు తిరిగింది.

కింద కచ్ గల్ఫ్ నీళ్లు. పారిపోయేవాడిని వెనక నుంచే పట్టాలి. వెనక నుంచి పట్టాలంటే వాడి కంటే వేగంగా పోవాలి. మిగ్ ఇంజన్ తనకున్న బలమంతా వెళ్లగక్కుతోంది. దూరం తగ్గింది. ఇంకా తగ్గింది. సోనీ ఫిరంగి పేల్చాడు. స్టార్‌ఫైటర్ కూలింది. దాన్ని నడుపుతున్న వింగ్ కమాండర్ మెర్విన్ మిడిల్‌కోట్ సముద్రం మీద బయటికి దూకేశాడు. ఆయన మళ్లీ కనబడలేదు.

గెలుపు మిగ్‌ది. ఆ విమానం తోకలో ఉన్న ఇంజన్ పేరు ఆర్-11. ఆఫ్టర్‌బర్నర్ వేస్తే దాని తోపుడు బలం సుమారు 6,200 కిలోలు. ఆ రోజుకి అది సరిపోయింది. కానీ శత్రువు దగ్గరికి రేపు ఇంకా బలమైన విమానం వస్తే?

సమాధానం వెతకాలంటే సముద్రాన్ని వదిలి కొండెక్కాలి.

సాలూరు దాటగానే ఘాట్ మొదలు. లారీలు మొదటి గేరులో మూలుగుతాయి. సుంకి, పొట్టంగి, సిమిలిగుడ. చెవులు దిబ్బడ వేస్తాయి. గాలి చల్లబడుతుంది. అటు రాయగడలో రైలు దిగినవాళ్లు లక్ష్మీపూర్ మీదుగా మలుపులు తిరుగుతూ వస్తారు. రెండు దారులూ కలిసేది ఒడిశాలోని కొరాపుట్ కొండల్లో. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా. అందుకే ఇక్కడి సంతలో ఒడియాతో పాటు తెలుగూ వినిపిస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున సునాబెడ. వానాకాలంలో పట్టపగలే పొగమంచు కమ్మేస్తుంది. ఆ మంచులోంచి ఒక్కోసారి ఉరుము వినిపిస్తుంది. తలెత్తి చూస్తే మెరుపు ఉండదు.

అది ఇంజన్ పరీక్ష.

1962లో భారత్ సోవియట్ యూనియన్‌తో మిగ్-21 ఒప్పందం చేసుకుంది. విమానం తయారీని మూడు చోట్లకు పంచారు. ఒళ్లు నాసిక్‌లో. ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో. ఇంజన్ ఎక్కడ? అప్పుడు ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్. ఆయన స్వయంగా పైలట్. 1947లో డచ్చివాళ్ల కళ్లుగప్పి ఇండోనేషియా నాయకుడు షహ్రిర్‌ను విమానంలో తీసుకొచ్చిన మనిషి. ఇంజన్ కార్ఖానా మా కొండల్లో పెట్టండని పట్టుబట్టాడు. 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ విభాగం సునాబెడలో మొదలైంది. మొదట తయారైంది ఆర్-11. తర్వాత వచ్చిన పని దానికంటే కష్టం.

ఆ పని పేరు ఆర్-25.

ఈ కష్టం ఘాట్ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న ఏ మెకానిక్‌కైనా తెలుసు. గాలితో చల్లబడే పాత వ్యానులో పెద్ద ఇంజన్ దింపాలంటే ముందు బలం గురించి ఆలోచించరు. పట్టే చోటుందా? ఆ వేడి ఎటు పోతుంది? పాత చట్రం ఆ ఊపుని ఆపుతుందా? మిగ్ విషయంలోనూ ప్రశ్నలు ఇవే. కాకపోతే ఇక్కడ తప్పు జరిగితే రోడ్డు పక్కన ఆపుకోవడానికి వీల్లేదు.

మిగ్-21 అంటే నిజానికి ఒక గొట్టం. ముక్కు దగ్గర గాలి లోపలికి పోతుంది, తోక దగ్గర మంట బయటికొస్తుంది. గొట్టం లావు పెంచితే ఆ విమానం విమానం కాకుండా పోతుంది. ఆర్-11 పొడవు 4.6 మీటర్లు. ఆర్-25 కూడా దాదాపు అంతే ఉండాలి. అంతే ఉంది. మారిందంతా లోపలే. గాలిని నొక్కే కంప్రెసర్ వరసలు 6 నుంచి 8 అయ్యాయి. అదే గొట్టంలోంచి పోయే గాలిని ఇంకా గట్టిగా పిండి, ఇంకా ఎక్కువ ఇంధనం మండించి, బలాన్ని దాదాపు 7,000 కిలోలకు లాగారు. ఇంజన్ బరువు 1,200 కిలోలు దాటింది. ఈ ఇంజన్ కోసం విమానాన్ని కూడా చాలావరకు మళ్లీ గీశారు. పేరు మిగ్-21 బిస్. బయట నుంచి చూస్తే అదే పాత మిగ్.

మరి వేడి? దాన్ని ఆపేది గాలే. కంప్రెసర్ నొక్కిన గాలి మొత్తం మండదు. కొంత గాలి మంటగది చుట్టూ తిరిగి, రేకు గోడకున్న సన్నటి రంధ్రాల్లోంచి లోపలికి దూరి, ఆ గోడకీ మంటకీ మధ్య పల్చటి పొరగా పరుచుకుంటుంది. ఆ పొర ఉన్నంతసేపే లోహం లోహంగా ఉంటుంది. ఒక్క రంధ్రం పూడుకున్నా, ఒక్క చోట గాలి దారి తప్పినా గోడ ఎర్రబడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ చూడాలనుకోరు.

ఇంజన్ మార్చే రోజు హ్యాంగర్‌లో కిరోసిన్ వాసన. విమానం వెనక భాగం చుట్టూ బోల్టులు విప్పుతారు. తోక మొత్తం ఊడి ట్రాలీ మీద వెనక్కి జరుగుతుంది. మిగ్ రెండు ముక్కలవుతుంది. మధ్యలో ఇంజన్ బయటపడుతుంది. పాతది వెనక్కి వస్తుంది. కొత్తది పట్టాల మీద అంగుళం అంగుళం ముందుకు జరుగుతుంది. పైపులు, తీగలు, ఇంధనం గొట్టాలు. ప్రతిదీ ఎక్కడిదక్కడ కలవాలి. బోల్టు బిగించాక పని అయిపోదు. దాని తలకున్న చిల్లులోంచి సన్నటి తీగ దూర్చి, మెలిపెట్టి, పక్క బోల్టుకి కట్టాలి. ఒక బోల్టు వదులవ్వాలని చూస్తే పక్కది దాన్ని బిగించి పట్టేలా ఆ మెలిక తిరగాలి.

"అన్నా, ఈ తీగ సరిగ్గా తిరిగిందా?"

"మళ్లీ విప్పు తమ్ముడూ. ఎదురు మెలి పడింది."

ఇలాంటి మాటలు ఇంజన్ దగ్గర పనిచేసేవాళ్ల మధ్య రోజూ నడిచేవే. సాయంత్రం పనిముట్లు లెక్కపెడతారు. ఒక్క స్పానర్ తగ్గినా ఇంటికి వెళ్లడం ఉండదు. లోపల మరిచిపోయిన చిన్న మర చాలు, తిరిగే బ్లేడ్లన్నిటినీ కోసేయడానికి. అన్నీ లెక్క తేలాకే మంట వెలుగుతుంది. కళ్లు మీటర్ల మీద. ఉష్ణోగ్రత ముల్లు ఎక్కుతోంది. గోడలు వణుకుతున్నాయి. అప్పుడు ఆర్-25 అసలు రహస్యం బయటికొస్తుంది.

దానికి రెండో మంట ఉంది. తక్కువ ఎత్తులో, ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రమే వాడాల్సిన అత్యవసర ఆఫ్టర్‌బర్నర్. అది అందుకుంటే తోపుడు బలం 9,900 కిలోల దాకా పోతుంది. విమానం బరువుకీ బలానికీ తేడా దాదాపు చెరిగిపోతుంది. మిగ్ నిలువునా ఎక్కేస్తుంది. 1983లో పాకిస్తాన్‌కి ఎఫ్-16లు రావడం మొదలైనప్పుడు పాత మిగ్ శరీరం చెప్పిన జవాబు ఇదే. అయితే ఆ మంటకి గడువుంది. మూడు నిమిషాలు. అక్కడ గడిచే ఒక్కో సెకను ఇంజన్ ఆయుష్షులోంచి నిమిషాలను తినేస్తుంది. నాలుగో నిమిషం అడగకూడదు.

2019 ఫిబ్రవరి 27 ఉదయం. శ్రీనగర్. ముందు రోజే భారత్ పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద దాడి చేసింది. ఇప్పుడు అటు నుంచి విమానాల గుంపు బయల్దేరింది. 51వ స్క్వాడ్రన్ వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ మిగ్-21 బైసన్‌తో లేచాడు. బైసన్ అంటే కొత్త రాడార్, కొత్త క్షిపణులు పెట్టుకున్న బిస్. తోకలో మాత్రం అదే ఆర్-25 రకం ఇంజన్. సునాబెడలో ఏళ్ల తరబడి తయారుచేసి, విప్పి, కడిగి, మళ్లీ బిగించిన రకం. ఆయన నియంత్రణ రేఖ దాటాడు. ఎఫ్-16ను కూల్చాడని వీర్ చక్ర ప్రశంసాపత్రం చెబుతోంది. పాకిస్తాన్ ఒప్పుకోదు. ఆ తర్వాత ఆయన విమానమే దెబ్బతింది. దూకేశాడు. పట్టుబడ్డాడు. మార్చి 1 రాత్రి వాఘా దగ్గర నడిచి ఇటు వచ్చాడు.

అందరూ అలా నడిచి రాలేదు. 2012లో ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పిన లెక్క చదివితే గుండె బరువెక్కుతుంది. 872 మిగ్‌లలో 482 కూలిపోయాయి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు చనిపోయారు. కారణాలు చాలా. మనుషుల పొరపాట్లు, యంత్రాల లోపాలు, పక్షులు. కానీ మిగ్-21కి ఉన్నది ఒక్కటే ఇంజన్. అది ఆగితే రెండోది లేదు. సునాబెడలో మెలితిప్పే ఒక్కో తీగ విలువ ఏమిటో ఆ 171 కుటుంబాలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2025 సెప్టెంబర్ 26. చండీగఢ్. 1963లో మిగ్-21 వాయుసేనలో అడుగుపెట్టిన చోటే చివరి వీడ్కోలు. ఆరు దశాబ్దాల కొలువు ముగిసింది. మరి కొండ మీద కార్ఖానా మూతపడుతుందా?

లేదు. ఇప్పుడు అక్కడ టెస్ట్ బెడ్ మీద గర్జించేది సుఖోయ్-30 ఇంజన్ ఏఎల్-31ఎఫ్‌పీ. ఒక్కోదాని బలం 12,500 కిలోలు. విమానానికి రెండేసి. 2024 సెప్టెంబర్‌లో రక్షణ శాఖ 240 ఇంజన్లకు ఒప్పందం చేసుకుంది. ఎనిమిదేళ్ల పని. ఆర్-11 నాటి మొదటి తరం రిటైరైపోయింది. వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇప్పటి పిల్లలకు అదే మెలిక నేర్పుతున్నారు.

గెలిచిన పైలట్ల పేర్లు మనకి నోటికి వచ్చు. రావాలి కూడా. వాళ్లు బలం అడిగిన క్షణాన ఇంజన్ మాట తప్పకుండా చూసిన చేతులు మాత్రం ఏ ప్రశంసాపత్రంలోనూ ఉండవు. ఆకాశంలో మన గెలుపుల్లో కొరాపుట్ కొండలకు ఒక వాటా ఉంది. అక్కడి పనివాళ్లు నోరు తెరిచి అడగరు. మనమే గుర్తుపెట్టుకుని ఇవ్వాలి.