సైనికుల గుర్తులు: దాగిన పేర్లు, దాగని నవ్వులు



ఉత్తర గోగ్రహణ కథ వినని వారు మీలో నుండరు. కౌరవసేనను జూచి బెదరిన విరాటకుమారునకు అర్జునుడు ఎదుటి వీరులను ఒక్కొక్కరినే చూపును. దూరమునుండి ముఖములు కానరావు. కావున టెక్కెములను బట్టి చెప్పును. బంగారు వేదిక గుర్తుగలవాడు ద్రోణుడు, పాము గుర్తుగలవాడు దుర్యోధనుడు, తాటిచెట్టు గుర్తుగలవాడు భీష్ముడు. తిక్కనగారి ఆ సీసపద్యమును బడిలో కంఠస్థము చేసినవారు పల్లెలలో నేటికిని కలరు. ఆ కాలమున గుర్తుయొక్క ధర్మము పేరు చాటుట. అయితే ఆ పేర్లు చెప్పుచున్న అర్జునుడో, ఏడాదిపాటు తన పేరు దాచుకొని యుండినవాడు! పేరు చాటుట, పేరు దాచుట అను ఈ రెండు పనులును ఒక్క గుడ్డముక్కపై నెట్లు కలిసెనో నేడు మీకు విన్నవించెదను.

ఈ విషయముపై నాకు మనసు పోవుటకు కారణము మా ఊరి వృద్ధ సైనికుడొకడు. మిలిటరీ తాత యని పిలిచెడివారము. రెండవ ప్రపంచ యుద్ధములో బర్మాకు పోయి వచ్చినవాడు. ఆయన రేకుపెట్టెలో, పాత కాగితముల నడుమ, నల్లపిల్లి బొమ్మగల గుడ్డబిళ్ల యొకటి యుండెను. అది చొక్కా భుజమునకు కుట్టుకొను గుర్తు. దానితో ఇంటికి వచ్చిన నాడు ఆయన తల్లి గడపలోనే నిలిపి, "పిల్లి ఎదురైతే అపశకునం గదరా, దాన్ని భుజాన మోసుకొచ్చావా?" అని కంట తడి పెట్టెనట. అందులకాయన, "అమ్మా, ఇది మనకు ఎదురొచ్చే పిల్లి కాదే, జపానువాడికి ఎదురుపోయే పిల్లి" అని నవ్వించెనట. ఆ పిల్లి కథకు ముందుగా ఇట్టి గుర్తులెట్లు పుట్టెనో చెప్పవలెను.

1914లో ఆరంభమైన మొదటి ప్రపంచ యుద్ధములో ఇంగ్లీషు సైన్యమునకొక చిక్కు వచ్చెను. బండ్లమీద దళము పేరు వ్రాసినచో గూఢచారి చదివి ఏ సైన్యము ఎచటికి పోవుచున్నదో శత్రువునకు తెలుపును. వ్రాయకున్నచో మనవారికే మన బండి తెలియదు. కావున ప్రతి డివిజనుకును, అనగా పది పదునైదు వేలమంది గల సేనావిభాగమునకును, పేరునకు బదులొక బొమ్మ నేర్పాటు చేసికొనిరి. తెలిసినవానికి అది పేరు. తెలియనివానికి ఉత్త బొమ్మ. బొమ్మను దాపరికమునకే పెట్టిరి గాని, దానిని గీసినవారు మనుష్యులు గదా! అందులో నవ్వు చొరబడినది.

పదునెనిమిదవ డివిజనువారు ఏ, టి, యన్ అను మూడక్షరములు వ్రాసికొనిరి. వానిని గబగబ చదివినచో ఇంగ్లీషులో పదునెనిమిది అను మాట యగును. ఏబదియొకటవ హైలాండు డివిజనువారు హెచ్, డి అను రెండక్షరములు పెట్టుకొనిరి. వారి సేనాపతి పేరు హార్పరు. మొదట వారికి గెలుపు దక్కనందున, పొరుగు దళములవారు ఆ యక్షరములకు "హార్పరుగారి పేలని గుండ్లు" అని అర్థము చెప్పి గేలిచేసిరి. 1916 నవంబరులో ఫ్రాన్సునందలి బొమాంట్ హామెల్ అను దుర్గమ స్థలమును వారు పట్టుకొన్న పిమ్మట ఆ గేలిలో పస లేకపోయెను.

నలుబదవ డివిజనులో పొట్టివా రనేకులు చేరిరి. ఐదడుగుల మూడంగుళములకు తక్కువైనందున సైన్యము మొదట త్రోసివేసినవారు వారు. వారి గుర్తు పొట్టికోడిపుంజు. తమను చూచి లోకము నవ్వక ముందే తామే నవ్విన నవ్వది. 1917 నవంబరులో బూర్లాన్ అడవికొరకు ఘోరయుద్ధము చేసిన పిమ్మట ఆ పుంజు ప్రక్కన ఓక్ చెట్టు ఆకును కాయను చేర్చుకొనిరి. అడవిలో పడిపోయినవారి జ్ఞాపకము ఆ విధముగా నవ్వుటాల బొమ్మ ప్రక్కనే నిలిచినది.

రెండవ యుద్ధము 1939లో వచ్చుసరికి ఈ విద్య ముదిరినది. ఫ్రాన్సునకు పోయిన రెండవ కోరునకు, అనగా కొన్ని డివిజనుల కూటమికి, అధిపతి బ్రూక్. ఆ మాటకు సెలయేరని యర్థము. ఆయన దళపు గుర్తు అలలపై ఎగురు ఎఱ్ఱ చేప. మూడవ కోరునకధిపతి ఆడమ్. క్రైస్తవ గ్రంథములో ఆదిపురుషుడైన ఆదాము అంజూరపు ఆకుతో మానము కప్పుకొనెను గదా! ఆయన దళపు గుర్తు ఆ యాకే. ఇంగ్లండులోనున్న పండ్రెండవ కోరు అధిపతి థార్న్, అనగా ముల్లు. గుర్తు మూడు చెట్లు, అందొకటి ముండ్లచెట్టు. అధికారి పేరు శత్రువునకు తెలియరాదని పెట్టిన బొమ్మలోనే అధికారి పేరు దాగియుండుట మీరు గమనింపుడు. రహస్యము కాపాడవలెనను బుద్ధియు, రహస్యముతో ఆడుకొనవలెనను బుద్ధియు మనుష్యునియందొక్కచోటనే యుండును.

మన దేశపు సైనికుల సంగతికి వత్తము. 1941లో మన సికిందరాబాదులో రూపొందిన పందొమ్మిదవ ఇండియను డివిజను గుర్తు కటారి పట్టిన చేయి. 1945 మార్చిలో మాండలే నగరమును పట్టినవారు వీరు. ఇంఫాలువద్ద పోరిన ఇరువదిమూడవ డివిజను గుర్తు పోట్లాడు పుంజు. అన్ని మతములవారు కలిసి భుజించి కలిసి చచ్చు దళమున ఎవరికిని అభ్యంతరము లేని గుర్తది. కోడిపందెములెరిగిన మన కోస్తావారికి దానిని వివరింప నక్కరలేదు. వీరందరికిని పైదైన పదునాలుగవ సైన్యపు గుర్తులో ఖడ్గపు మొన క్రిందికి దిగియుండును. మొన పైకుండుట మర్యాద. కాని ఉత్తరమునుండి దక్షిణమునకు దిగి బర్మాను తిరిగి గెలువవలెనను సంకల్పముతో సేనాపతి స్లిమ్ అట్లు గీసెనని ప్రసిద్ధి.

ఇక మిలిటరీ తాతగారి పిల్లి. పదునేడవ ఇండియను డివిజను మొదటి గుర్తు మెరుపు. 1942 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున బర్మాలో సిట్టాంగు నదిమీది వంతెనను, జపానువారి చేతికి చిక్కకుండ, మనవారే పేల్చివేసిరి. అప్పటికి డివిజనులో పెక్కుమంది ఆవలిగట్టుననే యుండిపోయిరి. తుపాకులు, బూట్లు వదలి ఈదినవారు కొందరు. ఈదలేక మునిగినవారు కొందరు. అట్లు నలిగిన దళము మెరుపును విడిచి నల్లపిల్లిని ధరించెను. ఇంగ్లీషువారి నమ్మకములో నల్లపిల్లి శుభశకునము. మన నమ్మకములో దుశ్శకునము. ఒక్క గుడ్డబిళ్లపై రెండు నమ్మకములు నెదురెదురుగా నిలిచినవి. మనవారు దానిని శత్రువుమీదికి త్రిప్పుకొనిరి. ఆ డివిజనే 1945 మార్చిలో మెయిక్టిలాను పట్టుకొని జపానువారి వెన్ను విరిచినది. సిట్టాంగు సంగతి చెప్పునపుడు తాతగారికి గొంతు పెగిలెడిది కాదు. పిల్లి సంగతి చెప్పునపుడు మాత్రము నవ్వెడివారు. ఆ నవ్వు లేకున్న మొదటి సంగతి చెప్పియుండెడివారే కారని నా నమ్మకము.

గుర్తునకు మూడవ పనియు కలదు, అది అబద్ధమాడుట. ముండ్లచెట్టు గుర్తు చెప్పితిని గదా! ఆ థార్న్ గారినే 1944లో స్కాట్లాండులో నాలుగవ సైన్యమునకధిపతిని చేసిరి. ఆ సైన్యము వైర్‌లెస్ సందేశములలో తప్ప భూమిమీద లేదు. నార్వేపై దండెత్తబోవుచున్నట్లు జర్మనులను భ్రమపెట్టుటకది కల్పించిరి. ఆ సంవత్సరమే అమెరికావారు చిత్రకారులు మొదలైన సుమారు 1,100 మందితో నొక మాయదళమును ఫ్రాన్సునకు పంపిరి. వారికి గాలినింపిన రబ్బరు ట్యాంకులు, బండ్ల చప్పుళ్లు వినిపించు యంత్రములు కలవు. నేడొక డివిజను గుర్తు, రేపొక డివిజను గుర్తు భుజమునకు కుట్టుకొని, గూఢచారులుండు ఊళ్లలో సారాయి దుకాణములకు పోయి బిగ్గరగా మాటలాడుటయు వారి యుద్యోగమే. ఎవరి గుర్తునో ధరించి వారిమీద పడవలసిన గుండ్లను తమమీదికి పిలుచుకొనుట సామాన్య సాహసము కాదు. అందు ముగ్గురు మరణించిరి. వారి కథను ప్రభుత్వము 1996 వరకు దాచెను. 2024 మార్చిలో వారికి స్వర్ణపతకమిచ్చునాటికి కొద్దిమందియే జీవించియుండిరి.

యుద్ధము ముగిసినను రహస్యములు ముగియలేదు. అమెరికాలో నెవాడా ఎడారియందు రహస్య విమానములను పరీక్షించు స్థలమొకటి కలదు. దానిని ఏరియా యాభైయొకటి యందురు. అట్టిది కలదని ప్రభుత్వ పత్రములు 2013 వరకు సూటిగా చెప్పలేదు. కాని ఆ పనివారి భుజచిహ్నములలో నొకప్రక్క ఐదు నక్షత్రములు, మరియొకప్రక్క ఒక నక్షత్రము కుట్టబడియుండెను. లెక్కవచ్చినవానికది చాలును. మరియొక బిళ్లపై లాటిన్ భాషలో, "చెప్పగలను గాని, చెప్పితినేని నిన్ను నాశనము చేయవలసివచ్చును" అని యున్నది. భార్యకును చెప్పరాని పని చేయువాడు, అటువంటి బిళ్ల కుట్టుకొని తోటివానితో నవ్వుకొనుటలో తప్పేమున్నది?

అయినను ఒక భేదము మనము గుర్తింపవలెను. 2013 డిసెంబరు 5న అమెరికా గూఢచారి ఉపగ్రహమొకటి ఆకాశమునకెగసెను. దాని గుర్తు భూగోళమును ఎనిమిది చేతులతో చుట్టుకొన్న ఆక్టోపస్ అను సముద్రజీవి. క్రింద "మాకందని దేదియు లేదు" అని వ్రాత. తరువాత బయటపడిన పత్రములను బట్టి, అది పరీక్షలలో వారిని బాధించిన ఆక్టోపస్ అను తీగలకట్టను గూర్చిన పనివారి హాస్యము. కాని అదే సంవత్సరము జూన్ నుండి, ఆ దేశపు మరియొక శాఖ సామాన్యుల టెలిఫోను వివరములను రాసులుగా సేకరించుచున్నదని పత్రికలలో వచ్చుచుండెను. ఆ బొమ్మను చూచినవారికి నవ్వు రాలేదు, ఒడలు జలదరించెను.

పొట్టివాడు తన పొట్టితనమును చూచి నవ్వెను. ఓడినవాడు తన దురదృష్టమును పిల్లిగా చేసి నవ్వెను. ప్రాణమునకు తెగించినవాని నవ్వు అది, వినువానికి ధైర్యమిచ్చును. చీకటిలో కూర్చుండి ఎల్లరను చూచుచున్నవాడు నవ్వినచో, ఆ హాస్యము నిర్దోషమే కావచ్చును గాని వినువాడు తన తలుపు గడియ చూచుకొనును. హాస్యమునందలి మంచిచెడ్డలు మాటలో లేవు. నవ్వువాడెవ్వడు, ఆపద ఎవ్వనిది అనుటలో నున్నవి.

తాతగారు పోయిన పిమ్మట ఆ రేకుపెట్టెను ఇంటివారు పాతసామాను వానికిచ్చిరి. పిల్లి యెచటికి పోయెనో తెలియదు. మీ గ్రామములలో బర్మాకో, ఈజిప్టుకో, ఇటలీకో పోయి వచ్చినవారి యిండ్లలో ఇట్టి గుడ్డముక్క లింకను ఉండవచ్చును. చిరిగినదని పారవేయకుడు. పిల్లలను పిలిచి చూపుడు. తెలిసిన కథ చెప్పుడు. తిక్కనగారి పద్యము ధర్మమున భీష్మద్రోణుల పడగలు మనకు తెలియును. మన ఊరివాని భుజముమీది గుర్తును ఎరిగినవారు మనము తప్ప మరెవ్వరును లేరు.