టేకు: ఓడయు వనమును

సంస్కృతమున శాకమనియు, హిందీలో సాగవాన్ అనియు పిలువబడు వృక్షమే మన టేకు. దీని చేవలో సహజమైన తైలము కలదు. అందుచే చెదలు దీనిని సులభముగా తాకవు. ఎండవానలకు ఇది అంతగా వంగదు, పగులదు. ఓక్ కలపలోని ఆమ్లము ఇనుప మేకులను తినివేయును. టేకు వానిని కాపాడును. ఈ గుణముచేతనే నౌకానిర్మాతలు దీనిని కోరిరి.

నెపోలియను యుద్ధముల కాలమున ఇంగ్లండులో ఓక్ కలప కొరవడగా, బ్రిటిష్ నౌకాదళము బొంబాయిని ఆశ్రయించెను. అచ్చట వాడియా వంశీయులగు పార్సీ నిపుణులు మలబారు టేకుతో యుద్ధనౌకలను నిర్మించిరి. వానిలో 1817లో జలప్రవేశము చేసిన 'ట్రింకోమలీ' ఇంగ్లండునందలి హార్టిల్‌పూల్ రేవున నేటికిని నీటిపై తేలుచున్నది.

ఓడ నిలిచినది గాని, దానికి కలప నిచ్చిన అడవి నిలువలేదు. నరికినవారు తిరిగి నాటలేదు. ఆ కొరతను గుర్తించి, మలబారు కలెక్టరు కనోలీ 1840వ దశకమున నీలంబూరులో టేకుతోట వేయింప పూనుకొనెను. నారు పెంచి నాటించు భారమును చాత్తు మేనోన్ వహించెను. తోటలో టేకు కోతకు వచ్చుటకు అరువది, ఎనుబది యేండ్లు పట్టును. కనోలీ 1855లోనే హత్యకు గురియయ్యెను. తాము కోయజాలని పంటకై వారు నాటిన ఆ చెట్లలో కొన్ని నీలంబూరున నేటికిని నిలిచియున్నవి.