సముద్రమాత

మా బిలాసపూరు రైలు పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండియు తెలుగు కుటుంబము లనేకము లిచ్చట కాపురమున్నవి. సముద్రము బహుదూరము. మాకు నాచనగా చెరువు మెట్లపై కాలు జార్చు పాచియే. ఆ నాచునే జీవితాంతము పరిశీలించి, తాను చూడని దేశపు రైతుల కన్నము పెట్టిన విదుషి కాథ్లీన్ డ్రూ.

ఆమె 1901 నవంబరు 6వ తేదీన ఇంగ్లండులోని లీ పట్టణమున జన్మించెను. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున 1922లో వృక్షశాస్త్రపట్టమును ప్రథమశ్రేణిలో పొంది, అచ్చటనే అధ్యాపకురాలయ్యెను. 1928లో హెన్రీ రైట్ బేకరును పెండ్లాడెను. వివాహితలకు కొలువీయరాదని ఆనాటి విశ్వవిద్యాలయ నియమము. పెండ్లితో పదవి పోయెను, పరిశోధన పోలేదు. జీతపు కొలువు లేకయే, ఇద్దరు బిడ్డలను పెంచుచు, ఆమె ప్రయోగశాలను విడువలేదు.

జపానువారు నోరి యను పేర భుజించు నాచును ఆనాడు పోర్ఫైరా జాతికి చెందినదిగా నెంచిరి. శీతకాలమున అది ఆకులవలె పెరుగును; వేసవిలో మాయమగును. మరల దాని విత్తనమెచ్చటినుండి వచ్చునో రైతులెరుగరు. సముద్రములో వలలు కట్టి, అదృష్టమునకై ఎదురుచూచెడివారు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత పంటలు దెబ్బతినగా వారి కుటుంబములు చితికిపోయెను.

బ్రిటన్ తీరమందలి పోర్ఫైరా బీజములను డ్రూ ఆల్చిప్పలతోపాటు నీటిలో నుంచెను. అవి చిప్పలలోనికి దొలుచుకొనిపోయి గులాబివన్నె తంతువులుగా పెరిగెను. ఆ తంతువులను శాస్త్రజ్ఞులంతవరకు కాంకోసెలిస్ అను వేరొక మొక్కగా నెంచిరి. రెండును ఒకే మొక్క జీవితమున రెండు దశలని ఆమె 1949లో 'నేచర్' పత్రికలో ప్రకటించెను. జపాను శాస్త్రజ్ఞుడు సెగావా మున్నగువారు తమ నాచునందును ఇదే క్రమమును కనుగొనిరి. తరువాత తొట్లలోని చిప్పలపై విత్తనమును పెంచి వలలకు పట్టించు పద్ధతి యేర్పడెను. అదృష్టముపై నిలిచిన పంట వ్యవసాయమయ్యెను.

1952లో నెలకొన్న బ్రిటిషు శైవలశాస్త్ర సంఘమునకు ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. 1957 సెప్టెంబరు 14వ తేదీన మరణించెను. జపానును చూడనేలేదు. 1963లో కుమమోతో మండలమందలి ఊతో పట్టణమున, అరియాకె సముద్ర మభిముఖముగా, ఆమెకు స్మారకశిల నెత్తిరి. ఏటేట ఏప్రిల్ 14వ తేదీన అచ్చటివారు ఆమెను సముద్రమాతగా స్మరింతురు.

గూడ్సుబండిని సాగనంపు మా రైలు కార్మికుడు ఆ సరకు చేరు ఊరిని చూడడు. అయినను అతనికి నెల తిరుగగానే జీతమందును. ఆమె కదియును లేదు. శిల నెత్తినది పరాయిదేశపు కృతజ్ఞత. అది ఆమె ఘనతను చాటును. ఆమెను కొలువునుండి తొలగించిన నియమమును మాత్రము క్షమింపదు.